అనుమానం చిఠీ

స్మిత లేని రోజు చూసుకునే వచ్చినట్టు వచ్చింది ఆ ఉత్తరం. నాలుగేళ్ళుగా ఆ కేంద్రానికి ఏ సర్కారు కాగితం వచ్చినా చింపేది ఆవిడే, చదివేది ఆవిడే, జవాబు రాసేదీ ఆవిడే. తండ్రికి కంటి ఆపరేషనని అస్కా వెళ్ళి రెండ్రోజులైందో లేదో, వానలో తడుస్తూ పోస్టుమేన్ వచ్చి, "ఛత్రపురం చిఠీ, సంతకం పెట్టు" అని కవరు నాగశ్రీ చేతిలో పెట్టి పోయేడు. జిల్లా ఆఫీసులుండేది ఛత్రపురంలోనే కదా. అక్కణ్ణుంచి కాగితం వచ్చిందంటే గ్రాంటు సంగతే అయ్యుండాలి.

మామూలు రోజైతే నాగశ్రీ ఆ కవరు అలమారాలో పడేసి పిల్లల గంజి పనిలో పడిపోయేది. ఆ రోజు మాత్రం కవరు అటూ ఇటూ తిప్పి చూసింది. ఎందుకంటే ఈ చిఠీ వస్తుందని స్మిత ముందే చెప్పింది. చెప్పిన తీరే నాగశ్రీకి నచ్చలేదు. బస్సుకి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ, ఒడియా మనిషి కదా, తనకొచ్చిన సగం తెలుగులో అంది: "నాగశ్రీ, అనుమానం చిఠీ ఒకటి వస్తుంది. వచ్చిన వెంటనే నాకు ఫోన్ చెయ్యి. సార్‌కి ఇవ్వకు. ఎవరికీ ఇవ్వకు. అలమారాలో పెట్టి తాళం వెయ్యి."

అనుమానం చిఠీ! ఎవరి మీద అనుమానం? వస్తుందని ఈవిడకెలా తెలుసు? సార్‌కి ఎందుకివ్వకూడదు? మీరైనా నేనైనా అక్కడే నిలదీసి అడుగుదుం. నాగశ్రీ అడగలేదు, తలూపి ఊరుకుంది. కొంప ముంచిందంతా ఆ అడక్కపోవడమే.

ఆ కేంద్రం సంగతి చెప్తాను వినండి. బరంపురం చివర హల్దియాపదర్‌లో పప్పుల గోడౌన్ వెనకాతల రెండు గదులూ ఒక వరండా. చేయూత కేంద్రం అని బోర్డు చూసి పెద్ద భవంతి అనుకునేరు. కాళ్ళు బిగుసుకుపోయినవాళ్ళూ, చేతులు వంకర్లు పోయినవాళ్ళూ, మెడ నిలబడనివాళ్ళూ, పద్నాలుగుమంది పిల్లలు పొద్దున్న వస్తారు, సాయంత్రం వెళ్తారు. గదులు కూర్మారావుగారివి. బడాబజార్లో మూడు తరాల పప్పుల హోల్‌సేల్ కొట్టు ఆయనది, కేంద్రానికి సెక్రెటరీ కూడా ఆయనే, స్మిత సార్ అనేదీ ఆయన్నే. పిల్లల తిండికి బియ్యం, పప్పూ ఆయనా, తోటి షావుకార్లూ చూసుకుంటారు. పిల్లలకి కసరత్తులు చేయించే స్మిత జీతమూ, జగ్గన్న నడిపే వేనుకి డీజిలూ మాత్రం సర్కారు గ్రాంటు. అది ఆగిందా, వేను ఆగుతుంది. వేను ఆగిందా, ఊరవతల దిగపహండి రోడ్డు పిల్లలంతా మళ్ళీ మంచాల మీదికే.

నాగశ్రీ ఆ కేంద్రానికి తల్లిగా వచ్చి ఆయాగా ఉండిపోయిన మనిషి. ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో పుట్టి, తెలుగు బళ్ళో పదో తరగతి దాకా చదివి, పెళ్ళయ్యేక బరంపురం వచ్చింది. ఒడియాలో బేరమాడుతుంది, ఒడియాలో దెబ్బలాడుతుంది. చదవడం దగ్గరే చిక్కు. బస్సు బోర్డులూ కొట్ల పేర్లూ చూసి కూడబలుక్కున్న చదువు ఆవిడది.

ఆవిడ కూతురు నవ్యకి తొమ్మిదేళ్ళు. పుట్టినప్పట్నుంచీ మోకాళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టుండేవి. ఈ పిల్ల నిలబడదని ఇద్దరు డాక్టర్లు తేల్చేసేరు. స్మిత వచ్చేక, పాత కొట్టు షట్టరు తాలూకు ఇనప పైపులు రెండు వరండాలో నడుం ఎత్తున అటూ ఇటూ బిగించి, ఆ మధ్యలో నవ్యని నిలబెట్టింది. ఏడ్చినా నిలబెట్టింది, కొరికినా నిలబెట్టింది. నాలుగో ఏట ఆ గుంట పైపులు పట్టుకుని ఏడు అడుగులు వేసింది. ఏడో అడుగు రోజు నాగశ్రీ స్మిత కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "అపా అని పిలుస్తున్నావు, కాళ్ళు పట్టుకుంటావేంటి" అని విదిలించుకుంది. అపా అంటే అక్కడ అక్క, టీచరమ్మని కూడా అలాగే పిలుస్తారు. "ఆపకుండా చేయిస్తేనే ఇది. మూడు నెలలు ఆపేవా, మళ్ళీ మొదటికొస్తాది" అని కూడా అంది.

మరి అంత చేసిన మనిషి మీద అనుమానమేటి అంటారా? అక్కడికే వస్తన్నాను.

బడ్జెట్ వచ్చిన వారానికి జగ్గన్న టీ కొట్టునుంచి కబురు మోసుకొచ్చేడు. "సెల్లీ, మనలాంటి కేంద్రాలకిచ్చే పద్దు ఈసారి తీసేసేరంట. ఇంకేదో పెద్ద పథకంలో కలిపేసేరంట. అందులో అందరికీ రాదంట." అంటగట్టుకొచ్చిన మాటలే అన్నీ. కానీ ఏప్రిల్‌లో రావలసిన గ్రాంటు జూన్ వచ్చినా రాలేదు, వేను అప్పు డీజిలు మీదే నడుస్తోంది. అప్పట్నుంచే స్మిత తీరు మారింది. పిల్లల ఫైళ్ళన్నీ పట్టుకెళ్ళి జెరాక్సులు తీయించింది. ఒక్కొక్కర్నీ గోడకి నిలబెట్టి ఫొటోలు తీసింది. బరువులు తూచింది, కాళ్ళు కొలిచింది, అన్నీ ఒక నీలం నోటు పుస్తకంలో ఒడియాలో రాసుకుంది. ఎందుకపా అంటే "కావాలి" అంది, అంతే. ఫోను మోగితే నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి మాట్లాడేది. నాగశ్రీ అటు వెళ్తే గొంతు తగ్గించేది.

"ఏరే కేంద్రం పెడతాదేమో సెల్లీ," అన్నాడు జగ్గన్న. "కొత్త పథకంలో పేర్లు ముక్యం కదా. మన పిల్లల పేర్లు తన కేంద్రంలో రాయించుకుంటే సరి, గ్రాంటు ఆవిడకే. పిల్లల్ని అట్టుకుపోతాది."

"నోరు ముయ్యి జగ్గన్నా," అంది నాగశ్రీ. అంది గానీ ఆ మాట చెవిలో ఉండిపోయింది.

ఒక మధ్యాన్నం పిల్లల కంచాలు కడగడానికి ట్యాంకు దగ్గరికెళ్తే స్మిత ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. "నవ్యాకు బాద్ దెలే..." ఇంతలో జగ్గన్న వేను హారను కొట్టేడు. మిగతాది వినపడలేదు. వినపడకపోతేనేం? నవ్యని బాద్ ఇవ్వడమంటే నవ్యని తీసెయ్యడం. ఆ మాత్రం ఒడియా నాగశ్రీకి వచ్చు. కంచాలు అక్కడే వదిలేసి వచ్చి నవ్య పక్కన కూలబడింది. తన కూతుర్ని నడిపించిన మనిషే తన కూతుర్ని వదిలేసి, బాగా నడిచే పిల్లల్ని ఏరుకుని పోతోంది.  అడగాలనుకుంది, అడగలేదు. అడిగితే అవునంటుందేమోనని భయం.

అదీ జరిగింది. ఇప్పుడు ఆ చిఠీ ఆవిడ చేతిలో ఉంది.

స్మితకి ఫోన్ చెయ్యలేదు. అలమారాలో పెట్టలేదు. తలుపు దగ్గరగా వేసి కవరు చింపింది. ఒడియా అచ్చు కాగితం, ఖాళీల్లో చేత్తో గెలికిన రాత. నవ్య ఫోనులో బొమ్మల వీడియో చూస్తుంటే లాక్కుని, కాగితానికి ఫొటో తీసి తెలుగులోకి మార్చమంది. ఫోను ఆ గెలుకుడు రాత చూసి బెదిరిపోయినట్టుంది, 'ఏనుగు సంవత్సరం స్నానం' అని చూపించింది. దాన్ని పక్కన పడేసి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుంది. ఆపణంక సంస్థార. మీ సంస్థ. బ్యయ. మన వ్యయమే వాళ్ళ బ్యయ, ఖర్చన్నమాట. తర్వాత మాట. అ. ను. మా. న.

అనుమానం! ఖర్చు మీద అనుమానం!

వేలు ముందుకి జరిపింది. సంపృక్త కర్మచారీంక నామ సహ. సంబంధించిన ఉద్యోగి పేరుతో సహా. లిఖిత భాబె. రాతమూలకంగా. జులై ఇరవై రెండు లోగా.

ఇంతకన్నా తేటగా ఎవరు చెప్తారు చెప్పండి. మీ ఖర్చు మీద అనుమానం ఉంది, ఎవరి మీదో ఆ ఉద్యోగి పేరు రాసి పంపండి.  నాగశ్రీ కాగితం మళ్ళీ కవర్లో పెట్టి, పిల్లల్ని వంటమ్మకి అప్పగించి, ఆటో ఎక్కి బడాబజార్ పోయింది.

కూర్మారావుగారు కందిపప్పు శాంపిలు అరచేతిలో వేసుకుని చూస్తున్నారు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి. ఆ ఊళ్ళోనే తెలుగు బళ్ళో చదివేరు. కొట్లో పొద్దస్తమానం ఒడియా మాట్లాడతారు గానీ, ఒడియా కాగితం చూస్తే కళ్ళజోడు తుడుచుకుంటారు. నాగశ్రీ చెప్పింది విని పప్పు కిందకి ఒంపేసేరు.

"అనుమానమా? మా మీదా? మా తాతగారు ఈ కొట్టు పెట్టినకాణ్ణుంచి ఒక్కడు... ఒక్కడు ఏలెత్తి సూపించలేదు!"

"మీ మీద కాదు బాబుగారూ. ఉద్యోగి పేరు అడిగేరు. ఉద్యోగం సేస్తన్నది ఆవిడొక్కర్తే కదా. మేమంటే ఆయాలం."

ఆయన మొహం మారిపోయింది. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని కాసేపు ఏదో తవ్వుకున్నారు. "ఓసోసి. మొన్న నెల కొట్టుకొచ్చింది. నాను తూకం దగ్గిరున్నాను. 'సార్, అనుమానం తయారు సేస్తన్నాను, అయ్యేక సంతకం పెట్టాలి' అంది. ఏదో వచ్చీరాని తెలుగనుకుని సరే సరే అన్నాను. ఇప్పుడర్దమయ్యింది. అనుమానం తయారు సేసింది! మన మీద! ఆఫీసులో ఊదింది, కేంద్రం మూయించి పిల్లల్ని తను అట్టుకుపోదావని!"

నాగశ్రీకి అన్నీ ఒక దారాన పడ్డాయి. జెరాక్సులు, ఫొటోలు, ట్యాంకు వెనక ఫోన్లు. చిఠీ సార్‌కి ఇవ్వకు అనడం. అన్నీ కలిసేయి. తప్పుడు సంగతులు కూడా ఇలాగే కలుస్తాయని ఆవిడకెవరు చెప్పేరు?

"ఎవరిచేతైనా ఒకసారి సదివిద్దావా బాబుగారూ? మీ గుమస్తా ఒడియా ఆయనే కదా," అంది, ఎక్కడో మనసొప్పక.

"ఏటి సదివించేది? కూర్మారావు కేంద్రం మీద అనుమానం వచ్చిందని బజారంతా సాటించమంటావా? సాయంత్రానికి గిరి రోడ్డు దాకా పాకిపోద్ది."

"పోనీ ఆవిణ్ణే అడిగితే?"

"ఎవరి మీదుందో అనుమానం, ఆవిడ సేతే సదివించుకుంటావా? నీకేటి మతిగాని పోయిందా నాగశ్రీ? మనం రాయకపోతే ఆవిడ రాసేస్తాది, మన పేర్లు. ముందెవలు రాస్తే వాళ్ళదే."

ఆ సాయంత్రం స్మిత ఫోన్ చేసింది. "చిఠీ వచ్చిందా?"

"రాలేదపా," అంది నాగశ్రీ. జన్మలో అంత నున్నగా అబద్ధమాడలేదు ఆవిడ. తనకే భయమేసింది.

"పంపేమంటున్నారు ఆఫీసువాళ్ళు. పోస్టులో ఆలస్యమేమో. నాన్న కంటికి కట్టు, వదిలి రాలేను. నవ్య చేసిందా ఈరోజు?"

"సేసింది. ఏడు."

"ఎనిమిది చేయించు," అంది స్మిత.

మర్నాడూ ఫోన్ చేసింది, ఆ మర్నాడూ చేసింది. రాలేదపా, రాలేదపా. మూడోసారి ఆవిడ గొంతులో కంగారు వినపడింది. చూశావా, ఎంత కంగారో, అనుకుంది నాగశ్రీ. అనుమానం పట్టిన మనిషికి ఎదుటివాళ్ళ కంగారు కూడా సాక్ష్యంలాగే కనిపిస్తుంది. ఏం చేస్తాం.

ఇరవయ్యో తారీకున కూర్మారావుగారి కొట్లో కూర్చుని జవాబు రాసేరు. ఒడియాలో రాయడం ఇద్దరికీ చేతకాదు కనక, ఆయన తన వ్యాపారం ఇంగ్లీషు బయటికి తీసేరు. యాభై ఏళ్ళుగా సరుకు మార్చి పంపమని రాసే ఇంగ్లీషు అది. మీ ఉత్తరం అందినది. మీరు కోరిన ప్రకారం మా అనుమానం ఈ దిగువన రాయడమైనది. ఒకటి, పిల్లల ఫైళ్ళు ఎవరికీ చెప్పకుండా నకళ్ళు తీయించడం. రెండు, ఫొటోలు. మూడు...

"మూడేటి?" అన్నారు కలం ఎత్తి.

 స్మిత నవ్య నడుముకి చుట్టిన గుడ్డ పట్టుకుని, వంగి వంగి నడిపించడం నాగశ్రీ కళ్ళ ముందుకొచ్చింది. ఆవిడ నడుం నొప్పని సాయంత్రాలు గోడకి ఆనుకుని కూర్చునేది. అంతలోనే ఆ మాట కూడా వచ్చింది. నవ్యాకు బాద్ దెలే.

"నా కూతుర్ని తీసేద్దావనుకుంది," అంది. "అది కూడా రాయండి."

రాసేరు. స్మిత పేరు పెద్ద అక్షరాల్లో రాసి కింద గీత గీసేరు. సెక్రెటరీగా ఆయన సంతకం పెట్టి, విన్న సాక్షినని నాగశ్రీ చేత కూడా పెట్టించేరు. జగ్గన్న వేనులో ఛత్రపురం పట్టుకెళ్ళి ఇచ్చి, ముద్ర వేయించిన రసీదు జాగ్రత్తగా తెచ్చేడు. "గడువుకి రెండ్రోజులు ముందే ఇచ్చేసేం సెల్లీ!" అన్నాడు. ఆ మురిపెం చూడాలి.

ఇరవై నాలుగున ఆఫీసునుంచి ఫోను. ముగ్గురూ రండి. ముగ్గురంటే సెక్రెటరీ, సాక్షి, స్మిత.

స్మిత అస్కానుంచి తిన్నగా ఛత్రపురం వచ్చేసింది. ఒళ్ళో నీలం నోటు పుస్తకం, ఒక లావుపాటి ఫైలు. నాగశ్రీని చూసి, "చిఠీ వచ్చిందా చివరికి? నంబరు చెప్పు బేగి. ఆ నంబరు వెయ్యకపోతే ఈ ఫైలు తీసుకోరు. రెండ్రోజులు దాటింది, బతిమాలుకుందాం" అని ఒక్క గుక్కలో అంది. నాగశ్రీ గోడ మీద కేలెండరు చూస్తూ నిలబడింది.

ఆఫీసరు పద్మిని మేడమ్. నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి. తెలుగు రాదు. కూర్మారావుగారి ఉత్తరం బల్ల మీద పెట్టుకుని, ఒడియాలో అడిగింది.

"కూర్మారావు బాబూ, నేను అనుమాన అడిగేను. మీరు ఇదేమిటి పంపేరు?"

"అనుమానమే పంపేం మేడమ్. పేరుతో సహా," అన్నారాయన, ఛాతీ విరిచి.

మేడమ్ కళ్ళజోడు మీంచి చూసింది. "ఖర్చుల అనుమాన. వచ్చే ఏడాది ఒక్కొక్క పిల్లకి మందులకెంత, వేనుకెంత, ఉద్యోగికి జీతమెంత. ఎస్టిమేట్!"

ఎస్టిమేట్ అన్న మాట కూర్మారావుగారికి తెలుసు. ఆయన దగ్గరున్న కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుండిపోయేరు. అంచనా. అంచనా అడిగేరు వాళ్ళు.

స్మితకి ఏమీ అర్థం కాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న ఆ ఇద్దర్నీ చూసి, నాగశ్రీ వైపు తిరిగింది.

"నాగశ్రీ, అనుమానం అంటే మీ తెలుగులో ఏమిటి?"

నాలుగేళ్ళు ఆ మనిషికి తెలుగు నేర్పింది నాగశ్రీయే. కుడికాలు, ఎడంకాలు, నొప్పి, ఆకలి, ఇంకొక్క అడుగు, అన్నీ ఆవిడ దగ్గరే అడిగి నేర్చుకుంది స్మిత. ఇప్పుడూ అలాగే అడిగింది. ఈ ఒక్క మాట మాత్రం నాగశ్రీ తెలుగులో చెప్పలేదు. తల వంచుకుని ఒడియాలోనే చెప్పింది.

"సందేహ, అపా."

"సందేహమా? ఎవరి మీద?"

 పద్మిని మేడమ్ ఆ ఉత్తరాన్ని బల్ల మీద తిప్పి స్మిత ముందుకి తోసింది.

స్మిత నిలబడే చదివింది. మొదటిదీ రెండోదీ చదివినప్పుడు మొహంలో ఏమీ కదల్లేదు. మూడోది చదివి, తలెత్తింది. "నవ్యాకు బాద్ దెలే హెబని, అన్నాను నాగశ్రీ. హెబని. నవ్యని తీసేస్తే కుదరదు. కొత్త పథకంలో ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళని వద్దన్నారు. ఆ పిల్లని తీసేస్తే నేను లెక్కే ఇవ్వనని ఫోనులో దెబ్బలాడేను. ఒప్పించేను కూడా."

"మాకు సెప్పలేదు కదపా," అంది నాగశ్రీ. ఆ మాట తనకే సిగ్గుగా వినపడింది.

"సార్‌కి చెప్పేను, సరే అన్నారు. తల్లులకి చెప్తే భయపడతారని ఊరుకున్నాను. కిందటేడు ఇలాంటి చిఠీయే సార్ కొట్లో బిల్లుల్లో పోయింది, అందుకే అలమారాలో పెట్టమన్నాను." ఆవిడ ఫైలు బల్ల మీద పెట్టింది. "నువ్వు నన్ను అడగొచ్చు కదా. ఒక్కసారి. నాలుగేళ్ళు పక్కపక్కన కూర్చుని తిన్నాం."

కూర్మారావుగారు లేచి చేతులు జోడించేరు. డెబ్భై ఏళ్ళ మనిషి అలా నిలబడితే చూడలేం. "మేడమ్, పొరపాటయిపోయింది. ఉత్తరం వెనక్కిచ్చెయ్యండి. ఇదుగో, ఎస్టిమేటు రెడీగా ఉంది, ఈవిడ తెచ్చింది."

పద్మిని మేడమ్ ఆ ఫైలు తిరగేసింది, పేజీ పేజీ. బాగా చేసేవమ్మా అంది స్మితతో. తర్వాత మూసి పక్కన పెట్టింది. మేడమ్‌ని తిట్టుకుందామన్నా తిట్టుకోవడానికి లేదు. పాత పద్దు బడ్జెట్లోనే పోయింది. కొత్త పద్దులో గడువులోగా అంచనా ఇచ్చిన సంస్థల పేర్లే ఎక్కేయి, ఆ జాబితా నిన్ననే భువనేశ్వర్ వెళ్ళిపోయింది. ఇంక ఈ ఉత్తరమంటారా, ఖర్చుల విషయంలో ఒక ఉద్యోగి మీద రాతమూలకంగా అనుమానం వచ్చింది, ముద్ర పడింది, నంబరు పడింది. వెనక్కి తీసుకుంటామని రాసివ్వచ్చు. ఇచ్చినా విచారణ చేసి మూయాల్సిందే. అది తేలేదాకా ఆ ఉద్యోగిని ఏ గ్రాంటు సంస్థలోనూ పెట్టుకోకూడదు.

"ఎన్నాళ్ళు మేడమ్?" అన్నారు కూర్మారావుగారు.

"వచ్చే బడ్జెట్‌కి చూద్దాం," అంది ఆవిడ.

బస్టాండులో స్మిత అస్కా బస్సెక్కింది. నాగశ్రీ కిటికీ దగ్గరికి వెళ్ళి, అపా, అపా అని రెండుసార్లు పిలిచింది. స్మిత ఇటు తిరగలేదు. బస్సు కదులుతుంటే మాత్రం నీలం నోటు పుస్తకం కిటికీలోంచి ఇచ్చింది, నాగశ్రీ మొహం చూడకుండానే. "పిల్లలకి ఏ కాలు ఎంతసేపు వంచాలో ఉంది. ఆపకు."

ఆగస్టు ఒకటో తారీకునుంచి వేను గోడౌన్ పక్కన పట్టా కప్పుకుని నిలబడింది. జగ్గన్న ఆటో అద్దెకి తీసుకున్నాడు. నాగశ్రీ కనబడితే సందు మార్చి పోతున్నాడు. కూర్మారావుగారు షావుకార్ల చుట్టూ తిరిగి వంట మాత్రం ఆగకుండా చూసేరు. ఆయన కొట్లో ఇప్పుడు ఏ కాగితం వచ్చినా ముందు గుమస్తా చేతే చదివిస్తున్నారు. దిగపహండి రోడ్డు పిల్లలు తొమ్మిదిమందీ రావడం మానేసేరు. ఊళ్ళో ఉన్న అయిదుగురే వస్తున్నారు. స్మితకి ఎన్ని ఫోన్లు చేసినా మోగి ఆగిపోతోంది.

నాగశ్రీ రోజూ నోటు పుస్తకం తెరిచి, వేలు పెట్టి కూడబలుక్కుని, ఎవరి కాలు ఎటు వంచాలో చూసి వంచుతోంది. తనకొచ్చిన పని కాదది. ఒకసారి గట్టిగా వంచితే నవ్య కెవ్వుమంది, అప్పట్నుంచి భయపడి మెల్లగా వంచుతోంది. మెల్లగా వంచితే లాభం లేదని స్మిత ఎన్నిసార్లు చెప్పలేదు? "అపా ఎప్పుడొస్తాది?" అని ఆ గుంట రోజూ అడుగుతుంది. ఏం చెప్తుంది తల్లి?

ఆగస్టు చివర్లో ఒక పొద్దున్న నవ్య పేజీ అడుగున పెన్సిల్‌తో రాసిన వరస ఒకటి కనబడింది. ఇన్నాళ్ళూ చూడలేదు. వేలు పెట్టింది. మొదటి మాట చదవక్కర్లేకపోయింది, ఆ నాలుగక్షరాలూ ఈ జన్మకి మర్చిపోదు. అనుమాన. దాని పక్కన రెండు చుక్కలు. తర్వాత కూడబలుక్కుంది. దశహరా సుద్ధా. దసరాకల్లా. కోడిఏ. ఇరవై. పాద.

అంచనా. దసరాకల్లా ఇరవై అడుగులు.

నాగశ్రీ పుస్తకం మూసి అలమారాలో పెట్టింది. వరండాలోకి వచ్చి నవ్య నడుముకి గుడ్డ కట్టి, పైపుల మధ్య నిలబెట్టి, "రా తల్లీ" అంది. ఒకటి, రెండు, మూడు అని నవ్యే లెక్కపెట్టుకుంది. నాలుగు దగ్గర మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేయి. అయిదు అని, పైపు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.